ఫిజిక్స్‌లో 27 మంది, జర్మన్ రద్దు: ఇంగ్లండ్ సిక్స్‌త్ ఫామ్ లెక్క

ఇంగ్లండ్‌లో ఒక మామూలు ప్రభుత్వ స్కూలు అనుకుందాం. సెప్టెంబరులో ఇయర్ 12 మొదలైంది. ఫిజిక్స్‌కు 27 మంది వచ్చారు, ల్యాబ్‌లో స్టూళ్లు చాల్లేదు. అదే స్కూల్లో జర్మన్ కావాలని ఐదుగురు అడిగితే ఈ ఏడాది ఆ సబ్జెక్టు లేదన్నారు. క్లాసు కిక్కిరిసిందని ఒకళ్ల ఫిర్యాదు, క్లాసే లేదని ఇంకొకళ్ల ఫిర్యాదు. చూడ్డానికి ఎదురెదురు సమస్యల్లా ఉన్న ఈ రెండూ ఒకే పద్దులోంచి వచ్చాయి. ఫిజిక్స్ గదిలో కిక్కిరిసిన పిల్లలే ఆ స్కూల్లో మిగతా చిన్న క్లాసుల్ని పోషిస్తున్నారు. ఆ పోషణ కూడా చాలనప్పుడు జర్మన్ ఎగిరిపోతుంది.

సిక్స్‌త్ ఫామ్ అన్న పేరు చూసి ఆరో తరగతి అనుకునేవాళ్లున్నారు. అది ఇయర్ 12, ఇయర్ 13. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలు, మన ఇంటర్ రెండేళ్లకు సాటి. ఎక్కువమంది మూడు ‘ఏ లెవెల్’ (యూనివర్సిటీ ప్రవేశానికి చూసే పరీక్ష) సబ్జెక్టులు తీసుకుంటారు. కొన్ని స్కూళ్లకు సొంత సిక్స్‌త్ ఫామ్ ఉంటుంది. లేదంటే విడిగా సిక్స్‌త్ ఫామ్ కాలేజీ, అదీ కాకపోతే వృత్తి కోర్సులు కూడా నడిపే ఫర్దర్ ఎడ్యుకేషన్ కాలేజీ.

27 మంది పెద్ద క్లాసెలా అవుతుంది?

సెక్షన్‌కు 88 మంది అన్న లెక్కకు అలవాటుపడ్డ మన జూనియర్ లెక్చరర్‌కు 27 అంటే నవ్వొస్తుంది. కానీ అక్కడ టీచరు పని పాఠం చెప్పడంతో అయిపోదు. ఏ లెవెల్ హిస్టరీలో 20 శాతం మార్కులు విద్యార్థి సొంతంగా రాసే 3,000 నుంచి 4,000 పదాల వ్యాసానికి. దాన్ని దిద్దేది క్లాసు టీచరే, బోర్డు నమూనాలు తెప్పించుకుని సరిచూస్తుంది. జియాగ్రఫీలో ఫీల్డ్ వర్క్ నివేదికకూ 20 శాతమే, కంప్యూటర్ సైన్స్ ప్రాజెక్టుకూ 20 శాతమే. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీలలో రెండేళ్లలో కనీసం 12 ప్రాక్టికల్స్ చేయించాలి. అవి చేయిస్తే చాలదు. ఒక్కో విద్యార్థికి ఏ నైపుణ్యం వచ్చింది, ఏది రాలేదు అని విడివిడిగా నమోదు చెయ్యాలి. సర్టిఫికెట్ మీద ప్రాక్టికల్ ఫలితం వేరే గీతగా పడుతుంది. పైగా యూనివర్సిటీ దరఖాస్తులకు అంచనా గ్రేడ్లు, రెఫరెన్స్‌లో రాయాల్సిన మాటలు.

ఒక వ్యాసం శ్రద్ధగా దిద్దడానికి 20 నిమిషాలు వేసుకోండి. 14 మంది క్లాసైతే నాలుగు గంటల 40 నిమిషాలు. 27 మంది అయితే తొమ్మిది గంటలు. పాఠాల తయారీకి, దిద్దుబాటుకి కలిపి టీచరుకు టైమ్‌టేబుల్‌లో కేటాయించే సమయం బోధనా గంటల్లో కనీసం 10 శాతం. వారానికి రెండు గంటల చిల్లర అన్నమాట. కాబట్టి క్లాసు పెద్దదైతే ముందు తగ్గేది పాఠం నాణ్యత కాదు, వ్యాసాల సంఖ్య. పక్షానికొకటి రాయించే టీచరు నెలకొకటికి వస్తారు. ల్యాబ్‌లోనైతే ఇద్దరికొకటి ఉండాల్సిన సర్క్యూట్ నలుగురికొకటి అవుతుంది. ఇద్దరు చేస్తారు, ఇద్దరు చూస్తారు. నమోదు పుస్తకంలో మాత్రం నలుగురూ చేసినట్టే ఉంటుంది.

మరి దీనికి చట్టప్రకారం హద్దు లేదా? ఉంది కానీ చిన్న పిల్లలకే. 1998 చట్టం ప్రకారం ఐదు నుంచి ఏడేళ్ల పిల్లల క్లాసులో ఒక టీచరుకు 30 మందికి మించకూడదు. ఆ పైన ఏ తరగతికీ చట్టబద్ధమైన పరిమితి లేదు. సిక్స్‌త్ ఫామ్‌కు అసలే లేదు. కాబట్టి “మా అబ్బాయి క్లాసులో 27 మంది ఉన్నారు, ఇది నిబంధనలకు విరుద్ధం” అని ఉత్తరం రాస్తే పని జరగదు.

గిట్టుబాటు సంఖ్య

ఇంగ్లండ్‌లో 2013 నుంచి ఈ వయసు పిల్లలకు డబ్బు సబ్జెక్టుల లెక్కన కాక తల లెక్కన వస్తోంది. 16, 17 ఏళ్ల విద్యార్థికి ఏడాదికి మూల రేటు అప్పట్లో 4,000 పౌండ్లు. ధరలు, జీతాలు పెరుగుతున్నా ఆ అంకె 2019–20 దాకా కదల్లేదు. ఇప్పటి సిక్స్‌త్ ఫామ్‌ల బక్కతనానికి ఈ ఏడేళ్ల స్తంభన మొదటి కారణమని మా అభిప్రాయం. తర్వాత పెంచుతూ వచ్చారు. 2025–26లో అది 5,105. లండన్ వంటి ఖరీదైన చోట్ల, పేద ప్రాంతాల పిల్లల విషయంలో దీనిపై కొంత కలుస్తుంది. 18 నిండాక కోర్సు ఏడాది మొదలుపెట్టే విద్యార్థికి రేటు తక్కువ. ఇండియా నుంచి ఆలస్యంగా వెళ్లి, ఒక ఏడాది వెనకబడి చేరే పిల్లలు ఈ కోతలో పడుతుంటారు.

ఇప్పుడు పద్దు వేద్దాం. 5,105ను మూడు సబ్జెక్టులకు పంచితే ఒక్కోదానికి 1,700. దీంట్లోంచి భవనం, కరెంటు, పరీక్ష ఫీజులు, ల్యాబ్ సిబ్బంది, ఆఫీసు ఖర్చు పోవాలి. 40 శాతం అనుకోండి, స్కూలును బట్టి మారుతుంది. సబ్జెక్టుకు మిగిలేది తలకు సుమారు 1,020 పౌండ్లు.

ఇక ఖర్చు వైపు. లండన్ బయట మెయిన్ స్కేలు పై మెట్టు మీదున్న టీచరు జీతం 2025 సెప్టెంబరు నుంచి 45,352. పెన్షన్‌కు యజమాని వాటా 28.68 శాతం, అంటే 13,000. యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ (సామాజిక భద్రత చందా) 5,000 దాటిన జీతం మీద 15 శాతం, మరో 6,050. మొత్తం 64,400. ఆ టీచరు వారానికి 20 గంటలు బోధిస్తే, ఐదు గంటల ఏ లెవెల్ క్లాసు అందులో పావు వంతు. అంటే ఆ క్లాసు ఖర్చు 16,100.

16,100ను 1,020తో భాగిస్తే దాదాపు 16. అదే గిట్టుబాటు సంఖ్య. ఎనిమిది మందితో నడిచే క్లాసు ఏడాదికి 8,000 పౌండ్ల దాకా లోటు తెస్తుంది. 27 మంది ఫిజిక్స్ క్లాసు 11,000 పైచిలుకు మిగులు తెస్తుంది. ఆ మిగులుతోనే మ్యూజిక్‌లో ఆరుగురు, ఫ్రెంచ్‌లో ఏడుగురు చదువుకుంటున్నారు. ఫిజిక్స్‌ను రెండు సెట్లుగా విడగొడితే రెండో టీచరు గంటలకు ఇంకో 16,100 కావాలి. మిగులు పోయి నాలుగైదు వేల లోటు వస్తుంది. హెడ్ టీచరు ఆ క్లాసును అలాగే వదిలెయ్యడానికి నిర్లక్ష్యం కారణం కాదు. రెండు సెట్లు చేస్తే ఏదో ఒక చిన్న సబ్జెక్టు మూతపడుతుంది.

చిన్న స్కూలుకు ఇక్కడే దెబ్బ. ఏడాదికి 200 మంది చేరే చోట పెద్ద క్లాసులు నాలుగుంటే చిన్నవి నాలుగు బతుకుతాయి. 60 మంది చేరే చోట పోషించే క్లాసే ఉండదు. కాలేజీలకు ఇంకో మెలిక. అకాడమీలుగా (కేంద్ర ప్రభుత్వం నేరుగా నిధులిచ్చే స్కూళ్లు) మారని సిక్స్‌త్ ఫామ్ కాలేజీలకు స్కూళ్లకిచ్చినట్టు వ్యాట్ తిరిగి రాదు. 2024లో స్కూలు టీచర్లకు 5.5 శాతం పెంపు ప్రకటించి నిధులిచ్చినప్పుడు ఈ కాలేజీలను పక్కన పెట్టారు. ఆ శీతాకాలంలో 32 కాలేజీల్లో ఎన్‌ఈయూ సంఘం టీచర్లు సమ్మె చేశారు.

క్యాలెండరులో ఉన్న ఉచ్చు

డబ్బున్నా టీచరు దొరకని నెల ఒకటుంది. అది ఆగస్టు.

వరస చూడండి. శరదృతువులో, స్కూలు చూడ్డానికి పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ పిలిచే ఓపెన్ ఈవెనింగ్‌లు, శీతాకాలంలో దరఖాస్తులు. పిల్లలు రాసిచ్చిన కోరికల్ని బట్టి వసంతంలో ఆప్షన్ బ్లాకులు తయారవుతాయి. ఒకే బ్లాకులో ఉన్న సబ్జెక్టులు ఒకే సమయంలో నడుస్తాయి కాబట్టి అందులోంచి ఒకటే ఎంచుకోవాలి. ఫిజిక్స్ ఒక్క బ్లాకులోనే ఉంటే అడిగిన వాళ్లంతా ఒకే గదిలో పడతారు. రెండు బ్లాకుల్లో ఉంచాలంటే ఇద్దరు ఫిజిక్స్ టీచర్లైనా ఉండాలి, లేదా ఒకరి గంటలు కింది తరగతుల నుంచి తీసుకోవాలి.

టీచరు ఆగస్టు చివర్లో ఉద్యోగం వదలాలంటే మే 31లోపు రాజీనామా ఇవ్వాలి. ఆ తేదీ దాటితే డిసెంబరు దాకా కదలడానికి వీల్లేదు, దానికి గడువు అక్టోబరు 31. జీసీఎస్ఈ (పదహారేళ్లకు రాసే, మన పదో తరగతి లాంటి పరీక్ష) ఫలితాలు వచ్చేది ఆగస్టు మూడో గురువారమో నాలుగో గురువారమో. మంచి గ్రేడ్లొచ్చి అనుకున్న 18 మందికి బదులు 27 మంది ఫిజిక్స్‌కు వస్తే, ఆ రోజు ఉద్యోగ ప్రకటన వేసినా మార్కెట్లో ఎవరూ ఉండరు. ఉన్నవాళ్లంతా మేలోనే కుదురుకున్నారు. మిగిలేది ఏజెన్సీ పంపే తాత్కాలిక (సప్లై) టీచరు, అదీ ఆ సబ్జెక్టులో దొరికితే.

దీనిమీద ఇంకో పొర. డబ్బు గతేడాది సంఖ్యను బట్టి వస్తుంది. అక్టోబరు మొదటి గురువారం జరిగే స్కూలు సెన్సస్‌లో ఎక్కువమంది కనిపిస్తే దాని ఫలం వచ్చే ఏడాదికి. పెరుగుదల మరీ పెద్దదైతే కొంత మధ్యలో సర్దుతారు, చిన్న పెరుగుదలకు అది వర్తించదు. అంటే ఈ ఏడాది పిల్లలకు పోయిన ఏడాది డబ్బుతో వండిపెట్టాలి. తలలు తగ్గే కాలంలో ఈ పద్ధతి స్కూలుకు మేలు చేస్తుంది. ఇప్పుడు తలలు పెరిగే కాలం. ఇంగ్లండ్, వేల్స్‌లో జననాలు 2012లో 7.29 లక్షలతో ఇటీవలి శిఖరానికి చేరాయి. ఆ పిల్లలకు 16 ఏళ్లు నిండేది 2028లో. పైగా 2015 నుంచి 18 ఏళ్లదాకా ఏదో ఒక చదువులోనో శిక్షణలోనో ఉండటం తప్పనిసరి.

చేరిన పిల్లలు మొదటి 42 రోజులు నిలబడితేనే లెక్కలోకొస్తారు. మధ్యలో మానేస్తే ఆ మేరకు కోత. అందుకే సెప్టెంబరులో 27 ఉన్న క్లాసును విడగొట్టకుండా “క్రిస్మస్‌కు నలుగురు పోతారు లే” అని ఆగే స్కూళ్లుంటాయి. చాలాసార్లు నలుగురు పోతారు కూడా. ఎందుకు పోయారో మాత్రం ఎవరూ ఆ పద్దులో రాయరు.

కొరత ఎక్కడుంది, ఎక్కడ కనపడుతుంది

“టీచర్ల కొరత” అన్న మాట తప్పుదోవ పట్టిస్తుంది. కొరత తలల్లో కాదు, సబ్జెక్టుల్లో. 2023–24లో శిక్షణలో చేరినవాళ్ల లెక్క చూస్తే సెకండరీ మొత్తానికి పెట్టుకున్న లక్ష్యంలో సగమే నిండింది. ఫిజిక్స్‌లో 17 శాతం, కంప్యూటింగ్‌లో 36, మ్యాథ్స్‌లో 63. అదే ఏడాది పీఈలో 181 శాతం! ఆటల టీచరును ఫిజిక్స్‌కు పంపలేరు, ఏ లెవెల్‌కైతే అస్సలు పంపలేరు. మరోపక్క పిల్లల గిరాకీ సరిగ్గా కొరత ఉన్నవైపే ఉంది. ఏ లెవెల్‌లో ఎక్కువమంది రాసే సబ్జెక్టు మ్యాథ్సే, ఏడాదికి లక్షకు పైగా ఎంట్రీలు. అక్కడి తెలుగు ఇళ్లల్లో మ్యాథ్స్, ఫర్దర్ మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ కలయికకు ఎంత మోజో చెప్పనక్కర్లేదు.

ప్రభుత్వం డబ్బు చూపిస్తోంది. 2025–26లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, కంప్యూటింగ్ శిక్షణకు పన్నులేని 29,000 పౌండ్ల బర్సరీ (శిక్షణ భృతి) ఉంది. ఇక్కడొక తమాషా. శిక్షణ ముగించి ఉద్యోగంలో చేరితే లండన్ బయట మొదటి జీతం 32,916, అది పన్ను పడే డబ్బు. చేతికొచ్చేది శిక్షణ ఏడాదిలో కన్నా ఉద్యోగంలో తక్కువ. పేద ప్రాంతాల స్కూళ్లలో నిలబడ్డవాళ్లకు ఏడాదికి 6,000 దాకా అదనంగా ఇస్తున్నారు, అదీ మొదటి ఐదేళ్లే. ఆరో ఏడు వచ్చేసరికి ఆ ఫిజిక్స్ పట్టభద్రుడికి బయట ఉద్యోగాలు ఇంకా బాగా కనపడతాయి.

ఇంత కొరత ఉన్నా ఇయర్ 13 క్లాసులోకి తొంగిచూస్తే అక్కడ సబ్జెక్టు తెలిసిన టీచరే ఉంటారు. హెడ్ టీచర్లు ఉన్న ఒక్క ఫిజిక్స్ నిపుణుణ్ణి ముందు ఏ లెవెల్‌కు, తర్వాత జీసీఎస్ఈకి కేటాయిస్తారు. కొరతంతా జారి ఇయర్ 7, 8, 9లలో (11–14 ఏళ్ల పిల్లలు) పడుతుంది. అక్కడ బయాలజీ చదివినవాళ్లు ఎలక్ట్రిసిటీ చెబుతారు, లేకపోతే నెలకొక సప్లై టీచరు మారతారు. ఆ తరగతుల్లో పట్టు తప్పిన పిల్లలు 16 ఏళ్లకు ఫిజిక్స్ ఎంచుకోరు. ఎంచుకోకపోతే యూనివర్సిటీలో ఫిజిక్స్ చదవరు, చదవకపోతే టీచర్లు కారు. కొరత కొరతనే కంటూ పోతుంది. సిక్స్‌త్ ఫామ్ ఫలితాలు చూసి స్కూలు బాగుందనుకునేవాళ్లకు ఈ అప్పు కనపడదు.

సర్దుబాట్లు, అవి బెడిసే తీరు

సెట్లు కలిపెయ్యడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది. ఇయర్ 12లో 15, 14 మందితో రెండు సెట్లు. మానేసినవాళ్లు పోగా ఇయర్ 13లో 23 మంది మిగిలితే ఒకటి చేస్తారు. కాగితం మీద సాఫీగా ఉంటుంది. కానీ 2017 నుంచి ఏ లెవెల్ మ్యాథ్స్‌లో స్టాటిస్టిక్స్, మెకానిక్స్ రెండూ తప్పనిసరి. ఒక టీచరు మొదటి ఏడు మెకానిక్స్ ముగించి, ఇంకొకరు స్టాటిస్టిక్స్ ముగించి ఉంటే, కలిపిన రోజు సగం క్లాసుకు ప్రతి పాఠం రెండోసారి. ఇంగ్లిష్ లిటరేచర్‌లో రెండు సెట్లు వేర్వేరు పుస్తకాలు చదివి ఉంటే పరిస్థితి ఇంకా ఘోరం. పాఠ్యక్రమం ఒకే వరసలో నడిపిన విభాగాల్లో మాత్రమే ఈ కలపడం నొప్పి లేకుండా జరుగుతుంది.

గంటలు కొయ్యడం రెండోది. వారానికి ఐదు బదులు నాలుగు గంటలు చెబితే నాలుగు సెట్లకు పట్టే గంటల్లో ఐదు సెట్లు నడుస్తాయి. పూర్తి నిధులు రావాలంటే ఏడాదికి 580 గంటల ప్రణాళిక చూపాలి. ఐదు గంటల చొప్పున మూడు సబ్జెక్టులు, 38 వారాలు అంటే 570, ట్యుటోరియల్ కలిపితే నిండిపోతుంది. నాలుగు గంటలైతే 456. మిగతా 124 గంటలు ఎన్‌రిచ్‌మెంట్ (పాఠ్యేతర కార్యక్రమాలు) పేరుతో నింపుతారు. కొన్నిచోట్ల అది మంచి కార్యక్రమమే, కొన్నిచోట్ల హాలు, హాజరు పట్టీ అంతే. చురుకైన పిల్లలు నెట్టుకొస్తారు. జీసీఎస్ఈలో 6 గ్రేడుతో బొటాబొటిగా చేరినవాళ్లు పోయిన ఆ గంటలోనే మునుగుతారు.

ఇయర్ 12, 13 కలిపి ఒకే గదిలో కూర్చోబెట్టడం చిన్న సబ్జెక్టుల్లో చూస్తాం. మ్యూజిక్, ఆర్ట్‌లలో నడుస్తుంది. ఫర్దర్ మ్యాథ్స్‌లో నడవదు, ఎందుకంటే మొదటి ఏడు రానివాళ్లకు రెండో ఏడు పాఠం అక్షరాలా అర్థం కాదు. రెండు మూడు స్కూళ్లు కలిసి తలా ఒక సబ్జెక్టు పంచుకునే పద్ధతి ఉంది. బస్సులో పోయే 20 నిమిషాలు, కలవని బ్లాకులు దాని శత్రువులు. ఫర్దర్ మ్యాథ్స్ చెప్పే మనిషే లేకపోతే ప్రభుత్వ నిధులతో నడిచే అడ్వాన్స్‌డ్ మ్యాథమెటిక్స్ సపోర్ట్ ప్రోగ్రాం ఉంది. బయటివాళ్లు ఆన్‌లైన్‌లో చెప్పినా స్కూల్లో ఒక టీచరు వెంటపడి హోంవర్క్ చూస్తేనే అది నిలబడుతుంది.

మనవాళ్లకు తెరిచిన తలుపు

2023 నుంచి ఇండియాలో అర్హత పొందిన టీచర్లు ఇంగ్లండ్ టీచరు హోదా అయిన క్యూటీఎస్‌కు నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. షరతులు: డిగ్రీ, టీచరు శిక్షణ, కనీసం ఒక విద్యా సంవత్సరం బోధన, ఇంగ్లిష్ ప్రావీణ్యం. సబ్జెక్టు మ్యాథ్స్, సైన్స్ లేదా భాషలై ఉండాలి, 11–16 ఏళ్ల పిల్లలకు చెప్పే అర్హత ఉండాలి. ఇక్కడ చాలామంది బోర్లాపడేది ఒక్క విషయంలో. తెలుగు రాష్ట్రాల్లో జూనియర్ లెక్చరర్‌కు పీజీ చాలు, బీఎడ్ లేకపోయినా ఉద్యోగం వస్తుంది. పదిహేనేళ్లు ఇంటర్ ఫిజిక్స్ చెప్పిన ఎంఎస్సీ లెక్చరర్‌కు ఈ తలుపు మూసే ఉంటుంది. హైస్కూల్లో రెండేళ్లు చెప్పిన బీఎడ్ స్కూల్ అసిస్టెంట్‌కు తెరుచుకుంటుంది. క్యూటీఎస్ వచ్చినంత మాత్రాన ఉద్యోగమో వీసానో రాదు, స్పాన్సర్ చేసే స్కూలును విడిగా వెతుక్కోవాలి. చేరాక కూడా మొదట దొరికేది ఎక్కువగా కింది తరగతులే, ఏ లెవెల్ గంటలు తర్వాత.

ఓపెన్ ఈవెనింగ్‌లో అడగాల్సినవి

సగటు క్లాసు ఎంత అని అడిగితే 16 అంటారు. అది 27కి, 5కి మధ్య సగటు కావచ్చు. మీ పిల్లల మూడు సబ్జెక్టుల పేర్లు చెప్పి, ఇప్పుడు ఇయర్ 12లో ఒక్కోదాంట్లో ఎంతమంది, ఎన్ని సెట్లు అని అడగండి. పోయిన ఏడు ఇయర్ 12లో మొదలై ఇయర్ 13లో మిగిలినవాళ్లెంతమంది అన్నది దాని జంట ప్రశ్న. వారానికి ఎన్ని గంటలు టీచరుతో, ఎన్ని సొంత చదువు? ఫిజిక్స్ చెప్పేవాళ్లు ఎంతమంది, వాళ్లలో ఫిజిక్స్ డిగ్రీ ఉన్నవాళ్లెందరు, ఒకరు వెళ్లిపోతే ఏ లెవెల్ ఎవరు చెబుతారు? చివరిది ఇబ్బంది పెట్టే ప్రశ్నే కానీ, సమాధానం చెప్పేవాళ్ల ముఖంలోనే సగం తెలిసిపోతుంది.

సబ్జెక్టు నడవడానికి కనీసం ఎంతమంది కావాలి, రద్దయితే ఏ తేదీకి చెబుతారు అన్నది చిన్న సబ్జెక్టు కోరేవాళ్లు రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆగస్టులో చెబితే వేరేచోట సీట్లు నిండిపోయి ఉంటాయి, అందుకే రెండో కాలేజీలో దరఖాస్తును జీసీఎస్ఈ ఫలితాల రోజు దాకా వెనక్కి తీసుకోకండి.